హోప్ టౌన్ రేవు నుంచి శిశువిహార్ దాకా: బాలల రక్షణలో ప్రభుత్వ సంస్కరణలను నడిపించేది ఏది?



అండమాన్ దీవుల పటం ఒకసారి ముందు పెట్టుకోండి. ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్ మీకు వెంటనే కనిపిస్తుంది. 2024 వరకు అధికారికంగా దాని పేరు పోర్ట్ బ్లెయిరే. అక్కడి నౌకాశ్రయానికి ఆవలి ఒడ్డున, కొండ దిగువన, హోప్ టౌన్ అనే చిన్న ఊరు ఉంది. ఆ కొండను అప్పట్లో మౌంట్ హారియట్ అనేవారు. 2021లో దానికి మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు.

1872 ఫిబ్రవరి 8 సాయంత్రం వైస్రాయి లార్డ్ మేయో ఆ కొండ మీద సూర్యాస్తమయం చూసి, చీకటి పడుతుండగా హోప్ టౌన్ రేవుకు దిగాడు. పడవ ఎక్కబోతుండగా షేర్ అలీ అఫ్రీదీ అనే పఠాన్ ఖైదీ ఆయనను కత్తితో పొడిచాడు. వైస్రాయి మరణించాడు. మార్చి 11న షేర్ అలీని వైపర్ ద్వీపంలో ఉరితీశారు. పదవిలో ఉండగా హత్యకు గురైన వైస్రాయి ఆయన ఒక్కడే.

చరిత్ర పుస్తకాల్లో హోప్ టౌన్ పేరు సాధారణంగా ఇంతవరకే వస్తుంది. మన పాఠం మాత్రం ఇక్కడి నుంచే మొదలవుతుంది. మన విషయం బాలల రక్షణ. వైస్రాయి హత్యకూ దానికీ ఏం సంబంధం అని మీకు అనిపించవచ్చు. సంబంధం ఉంది. ఈ హత్యకు రెండేళ్ల ముందు, 1870లో, మేయో ప్రభుత్వమే ఆడశిశువుల హత్యల నివారణ చట్టం చేసింది. బ్రిటిష్ ఇండియాలో ఒక బిడ్డ ప్రాణం కాపాడటానికి ప్రభుత్వం ఇంటి గడప లోపలికి వెళ్లవచ్చని చెప్పిన తొలి చట్టాల్లో అది ఒకటి.

ఈ రెండు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. వైస్రాయి చనిపోయిన ఏడాదే అండమాన్ పాలన స్వరూపం మారింది. దీవులకు చీఫ్ కమిషనర్ పదవి వచ్చింది. ఖైదీల మీద నిఘా, నిబంధనలు బిగిశాయి. ఆడశిశువుల హత్యలను కాశీ ప్రాంతంలో జొనాథన్ డంకన్ అనే అధికారి 1789లోనే గుర్తించాడు. 1795లో ఒక రెగ్యులేషన్ వాటిని హత్యలుగానే ప్రకటించింది. అయినా అమలు చేయగల చట్టం రావడానికి మరో డెబ్బై అయిదేళ్లు పట్టింది. ఒక పెద్దమనిషి చావుకు ప్రభుత్వం నెలల్లో కదిలింది. వేల పసికందుల చావుకు తరాలు పట్టింది. ఎందుకు? ఈ పాఠం పొడవునా మనల్ని నడిపించే ప్రశ్న ఇదే.

లెక్కపెట్టినప్పుడే కనిపించిన బిడ్డ

1795 నాటి రెగ్యులేషన్ ఎందుకు పనిచేయలేదు? శిశువు పుట్టినట్టు ఎక్కడా నమోదు లేదు. పుట్టినట్టే తెలియని బిడ్డ చనిపోయినట్టు ఎవరు రుజువు చేస్తారు? పురిటి గదిలో జరిగేదానికి ఇంటివాళ్లే సాక్షులు. వాళ్లే నిందితులు. అందువల్ల శిక్ష ఎంత కఠినంగా రాసినా అది కాగితం మీదే మిగిలిపోయింది.

1870 చట్టం దారి మార్చింది. శిక్షను పెంచడం కన్నా లెక్కను ముఖ్యం చేసింది. అనుమానం ఉన్న ప్రాంతాల్లో జనన, మరణ, వివాహాల రిజిస్టర్లు పెట్టవచ్చు. జనాభాను లెక్కించవచ్చు. అదనపు పోలీసులను నియమించవచ్చు. పెళ్లి ఖర్చులకు హద్దు పెట్టవచ్చు. ఆడపిల్ల పోషణను నిర్లక్ష్యం చేస్తున్నారని తేలితే మేజిస్ట్రేటు ఆ బిడ్డను పర్యవేక్షణలో ఉంచి, పోషణ ఖర్చు బాధ్యుల చేత కట్టించవచ్చు. ఈ చట్టాన్ని ముందుగా వాయవ్య రాష్ట్రాలు, పంజాబ్, అవధ్ ప్రాంతాల కోసం ఉద్దేశించారు. దేశవ్యాప్తంగా తొలి జనాభా లెక్కలు కూడా 1871-72లో, మేయో కాలంలోనే మొదలయ్యాయి.

పెళ్లి ఖర్చులకూ శిశుహత్యకూ ఒకే చట్టంలో చోటు ఎందుకు దొరికిందో గమనించారా? ఆడపిల్ల పుడితే పెళ్లి భారం తప్పదన్న భయమే హత్యకు మూలమని పాలకులు గ్రహించారు. అయితే ఈ చట్టంలో ఇంకో కోణం కూడా ఉంది. కొన్ని కులాలను, కొన్ని గ్రామాలను మొత్తంగా అనుమానితులుగా ముద్రవేసే పద్ధతి అందులో ఉంది. అదనపు పోలీసుల ఖర్చు ఆ గ్రామస్థుల మీదే పడేది. రక్షణ, నిఘా రెండూ ఒకే తలుపు గుండా ఇంట్లోకి వచ్చాయి. ఈ జంటను గుర్తుంచుకోండి, ముందు ముందు మళ్లీ కలుస్తాం.

దీవుల్లో పిల్లలు: ఎవరి కోసం రక్షణ?

1858లో అండమాన్ ఖైదీల స్థావరం ఏర్పడినప్పుడు ప్రభుత్వం దృష్టి ఖైదీల శ్రమ మీదే ఉంది. పిల్లల సంగతి ఎవరూ ఆలోచించలేదు. కానీ మనుషులున్న చోట పిల్లలు పుట్టకుండా ఉండరు. మహిళా ఖైదీలను కూడా తీసుకువచ్చారు. మంచి నడవడితో కొంత శిక్ష పూర్తిచేసి, స్వయంపోషకులుగా భూమి సాగుచేసుకునే ఖైదీలకు పెళ్లి చేసుకునే అనుమతి ఇచ్చారు. వారికి పుట్టిన పిల్లలను ‘లోకల్ బార్న్’ అనేవారు. తల్లిదండ్రులు ఖైదీలు, పిల్లలు మాత్రం చట్టం దృష్టిలో స్వతంత్రులు. ఇరవయ్యో శతాబ్దం ఆరంభానికి స్వయంపోషకుల మగపిల్లలకు ప్రాథమిక చదువు తప్పనిసరి చేశారు. మన ప్రధాన భూభాగంలో చాలా జిల్లాలకు అప్పటికి అటువంటి నియమమే లేదు. అయితే దీని వెనుక ఉన్నది కేవలం దయ కాదు. నేరస్థుల పిల్లలు నేరస్థులు కాకూడదన్న పాలనా అవసరం కూడా ఉంది.

దీవుల ఆదివాసుల పిల్లల కథ ఇంతకంటే బాధాకరం. 1863లో కార్బిన్ అనే మతాధికారి రాస్ ద్వీపంలో ‘అండమాన్ హోమ్’ ప్రారంభించాడు. తరువాత ఆదివాసీ పిల్లల కోసం ఒక అనాథాశ్రమం కూడా నడిపారు. పిల్లలను అడవి నుంచి తెచ్చి బట్టలు, చదువు, మతం నేర్పితే వారు నాగరికులవుతారన్నది ఆనాటి నమ్మకం. కానీ స్థావరంతో ఏర్పడిన సంపర్కం రోగాలను తెచ్చింది. 1877లో వచ్చిన తట్టు వ్యాధి గ్రేట్ అండమానీయులను తుడిచిపెట్టినంత పని చేసింది. రక్షణ పేరుతో నడిచిన సంస్థ ఆ పిల్లలకు తమ అడవినీ భాషనూ దూరం చేసింది, ఆరోగ్యాన్ని కాపాడలేకపోయింది.

ఇక్కడ మనకు ఒక పాఠం ఉంది. ‘బాలల రక్షణ’ అన్న మాట ఎప్పుడు విన్నా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. రక్షణ ఎవరి నుంచి? రక్షణ ఎవరి లెక్క ప్రకారం? బిడ్డ కుటుంబాన్నీ సమాజాన్నీ అడగకుండా చేసిన మేలు కీడుగా మారిన సందర్భాలు చరిత్రలో తక్కువేమీ కావు.

జైళ్ల కమిటీ, మద్రాసు చట్టం

పందొమ్మిదో శతాబ్దంలో పిల్లల కోసం వచ్చిన మరికొన్ని చట్టాలను త్వరగా చూద్దాం. 1850 నాటి అప్రెంటిస్ చట్టం అనాథలను, పేదపిల్లలను పనినేర్పే యజమానుల దగ్గర చేర్చేందుకు వీలు కల్పించింది. 1876లో వచ్చి 1897లో మారిన సంస్కరణ పాఠశాలల చట్టం నేరం చేసిన బాలురను జైలుకు బదులు ప్రత్యేక పాఠశాలకు పంపమంది. మద్రాసు రాష్ట్రంలో చెంగల్పట్టులో అటువంటి పాఠశాల ఉండేది. ఈ చట్టాలు చూసింది నేరం చేసిన బాలుడినీ పనికి రాగల బాలుడినీ మాత్రమే. బాలికలు, నిరాదరణకు గురైన పిల్లలు చాలావరకు వీటి బయటే ఉండిపోయారు.

పెద్ద మలుపు 1919-20లో వచ్చింది. మద్రాసు ప్రభుత్వంలో పనిచేసిన సర్ అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన భారత జైళ్ల కమిటీ దేశ విదేశాల జైళ్లను పరిశీలించింది. ఆ కమిటీ అండమాన్ కూడా వెళ్లింది. దాని సిఫారసుల్లో రెండు మనకు ముఖ్యం. మొదటిది, అండమాన్‌ను ఖైదీల స్థావరంగా వాడటం మానాలి. రెండోది, పిల్లలను పెద్దల జైళ్లలో పెట్టకూడదు, వారికి వేరే కోర్టులు, వేరే గృహాలు ఉండాలి. ఒకే నివేదికలో ఈ రెండూ కలిసి రావడం యాదృచ్ఛికం కాదు. శిక్ష అంటే పగ తీర్చుకోవడం కాదు, మనిషిని మార్చడం అన్న ఆలోచన బలపడిన కాలం అది. ఆ ఆలోచన ప్రకారం చూస్తే దూరద్వీపానికి పంపడంలోనూ, పసివాడిని కరడుగట్టిన నేరస్థుల మధ్య పడేయడంలోనూ ఉన్న తప్పు ఒక్కటే.

అమలు ఎలా సాగింది? ఖైదీల రవాణా ఆపుతామని ప్రభుత్వం 1921లో ప్రకటించినా, అది పూర్తిగా ఆగలేదు. 1932లో రాజకీయ ఖైదీలను మళ్లీ సెల్యులర్ జైలుకు పంపారు. పిల్లల విషయంలో మాత్రం మద్రాసు రాష్ట్రం ముందడుగు వేసింది. 1920లో మద్రాసు బాలల చట్టం వచ్చింది. భారతదేశంలో రాష్ట్ర స్థాయిలో ఇటువంటి చట్టం ఇదే మొదటిది. 1922లో బెంగాల్, 1924లో బొంబాయి అదే బాట పట్టాయి. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని మన తెలుగు జిల్లాలకు కూడా వర్తించాల్సిన చట్టం ఇది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కూడా ‘ఆంధ్ర ప్రాంత’ చట్టంగా దీని పేరు కొనసాగింది.

చట్టం పుట్టించడం సులువు, పోషించడం కష్టం. గృహాలు కట్టాలి, ప్రొబేషన్ అధికారులను నియమించాలి, ప్రత్యేక కోర్టులు నడపాలి. ఇవన్నీ డబ్బుతో పని. ఆనాటి రాష్ట్రాల ఖజానా చిన్నది, అందులో పిల్లల వాటా ఇంకా చిన్నది.

ఉత్తరం రాస్తే కదిలిన న్యాయస్థానం

స్వాతంత్ర్యం తరువాత రాజ్యాంగం బాలల గురించి స్పష్టంగా మాట్లాడింది. 24వ అధికరణ ప్రమాదకర పనుల్లో పిల్లలను పెట్టడాన్ని నిషేధించింది. 1960లో పార్లమెంటు కేంద్రపాలిత ప్రాంతాల కోసం బాలల చట్టం చేసింది. 1956 నుంచి కేంద్రపాలిత ప్రాంతంగా ఉన్న అండమాన్ నికోబార్ కూడా ఆ పరిధిలోదే. నేరం చేసిన పిల్లలకు బాలల కోర్టు, నిరాదరణకు గురైన పిల్లలకు బాలల సంక్షేమ బోర్డు అని ఇది మొదటిసారి దారులు వేరుచేసింది. తప్పు చేసిన బిడ్డ వేరు, దిక్కులేని బిడ్డ వేరు అన్న చిన్న గ్రహింపు ఇది. అయినా చాలా పెద్ద మార్పు.

అయితే రాష్ట్రానికో చట్టం. కొన్ని రాష్ట్రాల్లో అదీ లేదు. జైళ్లలో పిల్లలు మగ్గుతూనే ఉన్నారు. 1980లలో కొత్త శక్తి ఒకటి రంగంలోకి వచ్చింది. అది ప్రజాప్రయోజన వ్యాజ్యం. పాత్రికేయురాలు షీలా బర్సే జైళ్లలోని పిల్లల తరఫున సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 1986లో కోర్టు జిల్లా న్యాయమూర్తులను జైళ్లు తనిఖీ చేయమంది. దేశమంతటికీ ఒకే చట్టం ఉండాలని సూచించింది. ఆ ఏడాది చివరికే బాలల న్యాయ చట్టం వచ్చింది. అంతకుముందు లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది విదేశీ దత్తతల్లో జరుగుతున్న అక్రమాలపై కోర్టుకు ఉత్తరం రాశారు. 1984లో ఆ కేసులో వచ్చిన తీర్పే నేటి కేంద్ర దత్తత సంస్థకు పునాది.

1989లో ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. 1992 డిసెంబరులో భారత్ అందులో చేరింది. ఆ ఒడంబడిక బిడ్డ అంటే 18 ఏళ్లలోపు వ్యక్తి అంటుంది. మన 1986 చట్టంలో బాలురకు 16, బాలికలకు 18. ఆ తేడాను 2000 సంవత్సరపు బాలల న్యాయ చట్టం చెరిపేసి అందరికీ 18 అని నిర్ణయించింది. ప్రపంచం ముందు ఇచ్చిన మాట ఇంటి చట్టాన్ని మార్చడానికి ఇది మంచి ఉదాహరణ.

మన తండాల్లో ఏం జరిగింది?

ఇప్పుడు మన ఇంటి కథకు వద్దాం. 1999లో, మళ్లీ 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఒక వార్త కుదిపేసింది. తెలంగాణలోని లంబాడా తండాల్లో ఆడశిశువులను కొద్ది డబ్బుకు తీసుకుని, దత్తత పేరుతో పంపిస్తున్నారని, అందులో కొన్ని ప్రైవేటు సంస్థల పాత్ర ఉందని ఆరోపణలు వచ్చాయి. అరెస్టులు జరిగాయి, సంస్థలపై విచారణలు జరిగాయి. తల్లిదండ్రులు స్వయంగా బిడ్డను వదులుకుంటున్నట్టు రాసిచ్చే పద్ధతిని 2001లో రాష్ట్ర ప్రభుత్వం నిలిపివేసింది. వదిలేసిన శిశువుల సంరక్షణ హైదరాబాదులోని శిశువిహార్ వంటి ప్రభుత్వ గృహాల చేతికి వచ్చింది.

తల్లులు బిడ్డలను ఎందుకు ఇచ్చారు? లంబాడాల్లో పూర్వం పెళ్లికొడుకు వైపువారే ఆడపిల్లవారికి ఓలి ఇచ్చేవారు. ఆడపిల్ల ఆ ఇంటికి బరువు కాదు. కాలం మారింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కట్నం తండాలోకి చేరింది. కరువు, అప్పులు, భూమి లేమి దానికి తోడయ్యాయి. మూడో ఆడపిల్లో నాలుగో ఆడపిల్లో పుట్టేసరికి ఆ తల్లి నిస్సహాయురాలైంది.

ఇక 1870 చట్టాన్ని గుర్తు తెచ్చుకోండి. అందులోనూ పెళ్లి ఖర్చు, ఆడపిల్ల ప్రాణం ఒకే చోట ఉన్నాయి. నూట ముప్పై ఏళ్ల తరువాత మన తండాల్లోనూ సమస్య వేరు అదే. 2001 నాటి చర్య దళారుల దారి మూసింది. అది అవసరమే. కానీ కట్నాన్నీ కరువునూ అది ముట్టుకోలేదు. దారి మూసినంత మాత్రాన బిడ్డకు ఇల్లు దొరకదు. ప్రభుత్వ గృహంలో చేరిన శిశువుకు పాలు పట్టే ఆయాలు, చూసే వైద్యులు సరిపడా ఉన్నారా అన్నది ఆ తరువాత ప్రతిరోజూ ఎదురైన ప్రశ్న.

ఇదే కాలంలో రంగారెడ్డి జిల్లాలో మరో ప్రయోగం నడిచింది. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి పనిలో ఉన్న పిల్లలను బడికి మళ్లించింది. బడికి వెళ్లని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వారి సూత్రం. వయసు మీరిన పిల్లల కోసం శిబిరాలు పెట్టి, తరగతికి తగిన చదువు నేర్పి, మామూలు బడిలో చేర్చారు. తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టలేదు, ఊరిని కలుపుకున్నారు. 2003లో ఆమెకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలు. ఊళ్లో రుజువైన పని ఢిల్లీలో విధానంగా మారే దారి ఇది.

కోపంలో చేసిన చట్టం

2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన అత్యాచార ఘటన దేశాన్ని కదిలించింది. నిందితుల్లో ఒకరికి 18 ఏళ్లు నిండలేదు. బాలల వయసు తగ్గించాలని వీధుల్లో డిమాండ్ వచ్చింది. జస్టిస్ వర్మ కమిటీ 2013 జనవరిలో నివేదిక ఇస్తూ వయసు తగ్గించడాన్ని సమర్థించలేదు. అయినా 2015లో వచ్చిన కొత్త చట్టం, 16 నుంచి 18 ఏళ్ల మధ్యవారు అతి తీవ్ర నేరం చేస్తే, మండలి పరిశీలన తరువాత పెద్దవారిలా విచారించే వీలు కల్పించింది. 2016 జనవరి 15 నుంచి అది అమల్లో ఉంది.

ఇది సరైనదా కాదా అన్నది మీరు తరగతిలో చర్చించుకోండి. బాధితురాలి తల్లిదండ్రుల వేదన నిజం. పిల్లవాడు మారగలడన్న నమ్మకమూ విలువైనదే. చరిత్ర విద్యార్థిగా మీరు గమనించవలసింది ఒక్కటి. 1872లో హోప్ టౌన్ రేవులో కత్తి దిగినప్పుడు ప్రభుత్వం చేసింది బిగింపు. పెద్ద దిగ్భ్రాంతి కలిగినప్పుడు ప్రభుత్వాలకు శిక్ష పెంచడం త్వరగా సాధ్యమవుతుంది, అందరికీ కనిపిస్తుంది కూడా. జిల్లాకో ప్రొబేషన్ అధికారిని నియమించి, ఇరవై ఏళ్లు జీతమివ్వడం ఎవరి కంటా పడదు. పిల్లవాడిని నేరం దాకా వెళ్లకుండా ఆపేది తరచు ఆ కంటపడని పనే.

డబ్బు, మనుషులు, దూరం

2009లో మొదలైన సమగ్ర బాలల పరిరక్షణ పథకం ఈ లోటును కొంత పూడ్చింది. జిల్లాకో బాలల పరిరక్షణ విభాగం, బాలల సంక్షేమ కమిటీలకు నిధులు, సిబ్బంది దీని ద్వారా వచ్చాయి. ఇప్పుడది మిషన్ వాత్సల్యగా నడుస్తోంది. 1996లో ముంబైలో చిన్నగా మొదలైన 1098 ఫోను సేవ దేశమంతటా విస్తరించింది.

దీవుల్లో ఈ పని మరింత కష్టం. ఒక బిడ్డను కమిటీ ముందుకు తేవాలంటే పడవ దొరకాలి, సముద్రం అనుకూలించాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు నికోబార్ దీవులు తీవ్రంగా దెబ్బతిన్నాయి. తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలను గృహాలకు పంపాలా, సొంతవారి దగ్గరే ఉంచాలా అన్న ప్రశ్న వచ్చింది. నికోబారీయుల్లో ‘తుహెత్’ అనే ఉమ్మడి కుటుంబ వ్యవస్థ ఉంది. అక్కడ బిడ్డ ఒక్క తల్లికీ తండ్రికీ మాత్రమే చెందదు, తుహెత్ అంతటికీ చెందుతుంది. అటువంటి చోట మంచి సంరక్షణ అంటే కొత్త భవనం కాదు, ఆ కుటుంబానికి ఇల్లూ పడవా తిరిగి దక్కడం. రాస్ ద్వీపపు అనాథాశ్రమం మరచిన విషయం ఇదే.

సంగ్రహంగా

విద్యార్థులారా, మనం చూసిన చరిత్ర నుంచి ఆరు శక్తులను ఏరుకోవచ్చు. ఒకటి, దిగ్భ్రాంతి కలిగించే ఘటన. రెండు, లెక్కలు, రిజిస్టర్లు. మూడు, కమిటీలు, వాటి వెనుక ఉన్న కాలపు భావాలు. నాలుగు, న్యాయస్థానం, దాని తలుపు తట్టే పౌరులు. అయిదు, అంతర్జాతీయ ఒడంబడికలు. ఆరు, క్షేత్రంలో రుజువైన పని, దానికి నిలకడగా దొరికే డబ్బు, మనుషులు. మొదటిది తలుపు తెరుస్తుంది. లోపలికి వచ్చేది దయా, కోపమా అన్నది మిగిలిన అయిదింటి మీద ఆధారపడుతుంది.

హోప్ టౌన్ రేవులో పడవ దిగేవారు ఒక వైస్రాయి మరణాన్ని తలచుకుంటారు. ఆయన సంతకంతో వెలువడిన ప్రభుత్వం మొదటిసారి పేరు రాయమన్న ఆడశిశువులను తలచుకునేవారు తక్కువ. వారిలో ఎవరి పేరూ మనకు తెలియదు. మీ మండలంలో ఈ ఏడాది పుట్టిన ప్రతి బిడ్డ పేరూ రిజిస్టరులో ఉందా? బడికి రాని పిల్లల లెక్క ఎవరి దగ్గర ఉంది? వారి కోసం పనిచేసే అధికారి ఎక్కడ కూర్చుంటారు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ ఒకసారి పంచాయతీ కార్యాలయానికి వెళ్లి రండి. ఈ పాఠంలో మిగిలిన భాగం అక్కడ ఉంది.